సాలార్‌జంగ్‌లో బిద్రీ, బీదర్‌లో మట్టి

సాలార్‌జంగ్ మ్యూజియం చూసొచ్చినవాళ్ళని ఏమేం చూశారని అడిగితే దాదాపు అందరూ మూడింటి గురించే చెబుతారు. బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొట్టే గడియారం, పాలరాతి మేలిముసుగు వేసుకున్న రెబెక్కా, ముందు మెఫిస్టోఫిలిస్‌గానూ వెనక అద్దంలో మార్గరెట్టాగానూ కనిపించే కొయ్యబొమ్మ. మూడూ చూడదగ్గవే. మూడూ బయటి నుంచి వచ్చినవే. ఈసారి హైదరాబాద్ వెళ్ళినప్పుడు నేను వాటి దగ్గర ఆగకుండా నేరుగా బిద్రీ గదికి, అంటే నల్లటి లోహంలో వెండి పొదిగిన సామాన్ల గదికి నడిచాను. ఆ గదిలోని వస్తువులకి మూలమైన బీదర్, మ్యూజియం నుంచి సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. పొద్దున్న బస్సెక్కితే మధ్యాహ్న భోజనానికి చేరిపోయే దూరం. అయినా ఆ గదిలో జనం లేరు. పక్క హాల్లోంచి బడిపిల్లల గోల వినిపిస్తోంది. పన్నెండు కావస్తోంది కదా, పన్నెండు గంటలు లెక్కపెట్టడానికి అందరూ గడియారం ముందు చేరారు.

మ్యూజియం సంగతి కొంచెం చెప్పాలి. దీని వెనక ఉన్న మనిషి మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్. 1889లో పుట్టారు. ఇరవై మూడేళ్ళకే, 1912లో, ఏడో నిజాం దగ్గర దివాన్ అయ్యారు. 1914లో ఆ పదవి వదిలేశారు. పెళ్ళి చేసుకోలేదు. ఆ తర్వాత ముప్పై ఐదేళ్ళు ఆయన ఆదాయమూ, శ్రద్ధా కళావస్తువులు సేకరించడానికే పోయాయి. దేశదేశాల వ్యాపారులు ఆయన నివాసం దివాన్ దేవిడీకి సరుకుతో వచ్చేవారట. ఈ అలవాటు ఆయనతో మొదలైంది కాదు. రెబెక్కాని రోమ్‌లో కొన్నది ఆయన తాత, మొదటి సాలార్‌జంగ్, 1876లో. 1949లో మీర్ యూసుఫ్ అలీఖాన్ వారసులు లేకుండా కన్నుమూశాక ఇదంతా చెల్లాచెదురు కావడానికి ఎంతో కాలం పట్టేది కాదు. ఆ ప్రమాదం తప్పింది. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీ దక్షిణపు ఒడ్డున, దారుల్‌షిఫా దగ్గర ఇప్పుడున్న భవనంలోకి వచ్చింది. ఒక్క మనిషి ఇంట్లోంచి ఇంత పెద్ద ప్రజల మ్యూజియం పుట్టడం మన దేశంలో అరుదు. ఆ ఇంటివాళ్ళకి నేను మనసారా రుణపడి ఉన్నాను.

బిద్రీ గదిలో అద్దాల వెనక హుక్కా కుదుళ్ళు, పాన్‌దాన్లు, సురాహీలు, తబకులు, చేతులు కడుక్కునే ఆఫ్తాబాలు, తాంబూలం ఉమ్మే ఉగల్దాన్లు వరసగా ఉన్నాయి. ఇవన్నీ ఇంట్లో వాడుకున్న సామాన్లు. నవాబుల దివాన్‌ఖానాలో అతిథి పక్కన పెట్టినవి, నౌకర్లు రోజూ తోమి తుడిచినవి. కొన్నిటి అంచులు అరిగి నునుపు తేలాయి. ఎన్ని చేతులు పట్టుకుంటే లోహం అలా అరుగుతుందో కదా అనిపించింది.

హుక్కా కుదుళ్ళని జాగ్రత్తగా చూస్తే వాటి వయసు కొంతవరకు మనమే పోల్చుకోవచ్చు. 17వ శతాబ్దం నాటివి ఎక్కువగా గుండ్రంగా బంతిలా ఉంటాయి. కింద చుట్ట లాంటి ఆధారం లేకపోతే నిలబడవు. 18వ శతాబ్దానికి వచ్చేసరికి అడుగు వెడల్పై, గంటను బోర్లించిన ఆకారం వచ్చింది. తివాచీ మీద ఎలా పెట్టినా పడిపోదు. వాడేవాళ్ళ ఇబ్బంది చూసి చేసేవాళ్ళు ఆకారం మార్చుకున్నారు.

నేను చాలాసేపు నిలబడిపోయింది అలాంటి గంట ఆకారపు కుదురు ముందే. దాని ఒంటి చుట్టూ గసగసాల మొక్కలు. ప్రతి మొక్కకీ నిలువు కాడ, పక్కలకి వాలిన ఆకులు, పైన విచ్చుకున్న పువ్వు. మొదట చూస్తే ఒకే మొక్కని అచ్చుగుద్దినట్టు పదిసార్లు వేశారనిపిస్తుంది. తీరిగ్గా చూస్తే ఏ రెండు మొక్కలూ ఒకలా లేవు. ఒకదాని మొగ్గ ఎడమకి తిరిగింది, ఇంకోదాని ఆకు కొస కొంచెం మడత పడింది. కాడలకి వెండి తీగ, ఆకులకీ రేకులకీ వెండి రేకు. ఒకచోట కాడలో అరంగుళం మేర తీగ ఊడిపోయి ఖాళీ గాడి కనిపిస్తోంది. ఆ లోపం నాకు వరమైంది. గాడి నోరు సన్నగా, లోపల కాస్త వెడల్పుగా ఉంది. అంటే పనివాడు ఉలిని నిటారుగా దించలేదు, గోడలు లోపలికి వాలేలా కోశాడు. మెత్తని వెండిని ఆ గాడిలో పెట్టి సుత్తితో కొడితే అది లోపల పరుచుకుని బిగుసుకుంటుంది. జిగురు లేదు, టంకం లేదు. రెండు మూడు వందల ఏళ్ళుగా మిగతా తీగంతా అలాగే పట్టుకుని ఉంది.

ఈ పనిలో రకాలున్నాయి. తీగతో చేస్తే తార్‌కషీ. లోతుగా చెక్కి రేకు పొదిగితే తెహ్‌నిషాన్. పొదిగింది ఉపరితలం కంటే కొద్దిగా ఎత్తుగా ఉంటే జర్‌నిషాన్, బాగా ఎత్తుగా ఉంటే జర్‌బులంద్. ఆఫ్తాబీలో పద్ధతి తిరగబడుతుంది. వెండిరేకులోనే పువ్వుల ఆకారం కత్తిరించేసి దాన్ని పైన పరుస్తారు, అప్పుడు వెండి నేల మీద నల్ల పువ్వులు పూస్తాయి. ఈ తేడాలు పట్టించుకుంటే గదిలో ప్రతి అల్మరా కొత్తగా కనిపిస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది తార్‌కషీ. తప్పు దిద్దుకోవడానికి అందులో చోటు ఉండదు.

బిద్రీని ఫొటో తీయడం మాత్రం మహాకష్టం. నలుపు ఉన్న వెలుతురంతా మింగేస్తుంది, వెండి అంతా తిరిగి విసిరేస్తుంది. నలుపు సరిగ్గా పడాలని చూస్తే వెండి తెల్లగా మండిపోతుంది. వెండిని కాపాడదామంటే ఆకారం చీకట్లో కలిసిపోతుంది. మధ్యలో అల్మరా అద్దం, అందులో ట్యూబులైటు. కాసేపు ప్రయత్నించి ఫోన్ జేబులో పెట్టేశాను. కళ్ళు మాత్రం రెండింటినీ ఒకేసారి చూడగలుగుతున్నాయి. ఈ కళ పుస్తకాల్లోనూ తెర మీదా చూసి తృప్తి పడేది కాదని, వస్తువు ఎదుట నిలబడి తల అటూ ఇటూ వంచి చూడాల్సిందేనని అక్కడ అర్థమైంది.

ఆ గదిలో నన్ను బాధపెట్టిన విషయం ఒకటుంది. రెబెక్కాని చెక్కినవాడు జొవాన్నీ మరియా బెంజోనీ అని మనకు తెలుసు. ఎవరు కొన్నారో, ఏ ఊళ్ళో కొన్నారో, ఏ ఏట కొన్నారో కూడా తెలుసు. ఆ గసగసాల హుక్కా చేసిన మనిషి పేరు ఎవరికీ తెలియదు. చీటీ మీద ఊరూ, శతాబ్దమూ ఉంటాయి, అంతే. బిద్రీ మీద పనివాళ్ళు పేరు చెక్కుకోవడం ఆనవాయితీ కాదు. కొన్నవాళ్ళు రాసిపెట్టుకోలేదు. బెంజోనీ పనితనం ఎంత గొప్పదో ఈ పనితనం అంతకు తక్కువ కాదని నా గట్టి నమ్మకం. పాలరాయిని పల్చని గుడ్డలా కనిపించేలా చేయడం ఒక విద్య. ఒంపు తిరిగిన లోహం మీద, కొలత కాగితం లేకుండా, చేతి అంచనాతో మొక్కని దించడం ఇంకో విద్య. మొదటిదాని ముందు నలుగురు నిలబడి ఫొటో దిగుతున్నారు, రెండోదాని ముందు ఎవరూ లేరు.

హైదరాబాద్‌లో బిద్రీని మనసు పెట్టి సేకరించినవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. దోమలగూడలో ఉన్న జగదీశ్ అండ్ కమలా మిత్తల్ మ్యూజియం గురించి మన పాఠకులకు తెలిసింది తక్కువ. జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ ఇద్దరూ చిత్రకారులు, శాంతినికేతన్‌లో చదువుకున్నారు. 1951లో కళాపోషకుడు బద్రీవిశాల్ పిత్తీ పిలుపు మీద హైదరాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. సాలార్‌జంగ్‌కి జాగీర్లుండేవి. వీళ్ళకున్నది చిత్రకారుల చూపు. ఎవరూ పట్టించుకోని వస్తువుల్లో మేలిమి పోల్చి కొనుక్కున్నారు. అలా కూడిందంతా సొంతానికి ఉంచుకోకుండా 1976లో మ్యూజియానికి రాసిచ్చేశారు. వాళ్ళ బిద్రీ సేకరణ మీద ప్రత్యేకంగా పుస్తకమే వచ్చింది. సేకరణ అంటే డబ్బున్నవాళ్ళ వ్యవహారం అనుకునేవాళ్ళు ఈ దంపతుల గురించి తెలుసుకోవాలి. డబ్బుతో కొండంత పోగుచేయవచ్చు, ఏది ఉంచుకోవాలో చెప్పేది చూపు ఒక్కటే.

మ్యూజియంలో చూసిన నలుపు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలని బీదర్ బస్సెక్కాను. ముంబై రోడ్డు మీద సంగారెడ్డి, జహీరాబాద్ దాటాక కుడికి తిరిగితే నేల రంగు మారిపోతుంది. ఎర్రటి జేగురు మట్టి, రోడ్డు తవ్విన చోటల్లా ఇటుక రంగు. ఇదంతా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రమే. జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలు అప్పటిదాకా బీదర్ జిల్లాలోనే ఉండేవి. ఇప్పటికీ బీదర్ బజార్లో కన్నడం, దక్కనీ, మరాఠీ, తెలుగు ఒకే దుకాణం ముందు వినిపిస్తాయి. నాకు ఎక్కడా భాష ఇబ్బంది కాలేదు.

ఊరి నడుమ చౌబారా అనే గుండ్రటి బురుజు ఉంది. అక్కడి నుంచి కోట వైపు నడుస్తుంటే బహమనీల మంత్రి మహమూద్ గవాన్ మదరసా ఎదురవుతుంది. 1472లో కట్టించింది. ముఖభాగం మీద మిగిలిన రంగు పలకలు ఎండలో ఇప్పటికీ నీలంగా మెరుస్తున్నాయి. ఇంకా ముందుకు వెళితే కోట. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తాన్ అహ్మద్‌షా గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. అప్పట్లో ఇరాన్ నుంచి వచ్చిన అబ్దుల్లా బిన్ కైజర్ అనే ఉస్తాద్ బిద్రీ విద్యని ఇక్కడివాళ్ళకి నేర్పాడని పనివాళ్ళ ఇళ్ళలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

కోటలో రంగీన్ మహల్ చూడకుండా రావద్దు. సాధారణంగా తాళం వేసి ఉంటుంది, అక్కడి సిబ్బందిని అడిగితే తెరిచి చూపిస్తారు. లోపల నల్లరాతిలో ముత్యపుచిప్పని పొదిగారు. తీగలు, అరబ్బీ అక్షరాలు, ఆకులు. తలుపు తెరవగానే పడిన వెలుతురుకి చిప్పలన్నీ ఒక్కసారి తళుక్కుమన్నాయి. నల్లని దానిలో తెల్లని దాన్ని పొదగాలన్న ఇష్టం ఈ ఊరికి లోహంతోనే రాలేదు, రాతిలోనూ ఉంది. సాలార్‌జంగ్‌లో చూసిన హుక్కా నా కళ్ళలో ఇక్కడికొచ్చి కూర్చుంది.

చౌబారా చుట్టుపక్కల సందుల్లో బిద్రీ పనివాళ్ళ కొట్లు, ఇళ్ళు ఉన్నాయి. ఒక ఇంటి ముందుగదిలో నలుగురు కింద కూర్చుని పని చేస్తుంటే, చూడొచ్చా అని అడిగాను. పెద్దాయన పక్కకు జరిగి చాప చూపించాడు. నేను వెళ్ళేసరికి పోత పని అయిపోయింది. జింకూ రాగీ కలిపి కరిగిస్తారు, పదహారు పాళ్ళు జింకుకి ఒక పాలు రాగి. ఎర్రమట్టిలో ఆముదమూ గుగ్గిలమూ కలిపి చేసిన అచ్చులో పోస్తారు. బయటికొచ్చిన వస్తువు బూడిద రంగులో, గరుగ్గా, చూడ్డానికి ఏ అందమూ లేకుండా ఉంటుంది. ఆకురాయితో, ఉప్పు కాగితంతో రుద్ది నున్నన చేస్తారు. మైలుతుత్తం నీళ్ళు పూస్తే పైన తాత్కాలికంగా నలుపెక్కుతుంది. దాని మీద సన్నని మొనతో గీస్తే గీత స్పష్టంగా కనిపిస్తుంది. ముగ్గు నేర్చిన చేతికి చుక్కలు అక్కర్లేనట్టు, ఆ గదిలో కుర్రాడు ఒక చిన్న గిన్నె చుట్టూ తీగ గీసుకుంటూ వెళ్ళి, తిరిగి మొదలుపెట్టిన చోటికే సరిగ్గా వచ్చి కలిపాడు. ఎక్కడా కొలవలేదు.

ఆ తర్వాత చెక్కుడు, ఆ పైన వెండి. వెండి తీగ వెంట్రుక కంటే కొంచెం లావు. ఎడమచేత్తో తీగని గాడిలోకి దింపుతూ కుడిచేత్తో సుత్తి కొడుతున్నారు. దెబ్బలు గట్టివి కావు, కానీ ఆగవు. పొదిగాక మళ్ళీ రుద్దుతారు, తాత్కాలికంగా వచ్చిన నలుపు పోతుంది. ఇప్పుడు గిన్నె బూడిద రంగు, వెండీ ఇంచుమించు అదే రంగు. ఇంత చేసిన పని కంటికి సరిగా కనిపించదు. ఇక్కడే మట్టి కావాలి.

ఆ మట్టి ఏ మట్టైనా పనికిరాదు. పాత కోటలో ఎండా వానా తగలని చోటి నుంచి తెస్తారు. పెద్దాయన డబ్బా మూత తీసి చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని చూపించాడు. "రుచి చూస్తేనే తెలుస్తుంది సార్, మంచి మట్టి ఏదో, ఉత్త మట్టి ఏదో" అన్నాడు. వందల ఏళ్ళు కప్పు కింద ఉండటంతో లవణాలు వానకి కొట్టుకుపోకుండా అందులో మిగిలిపోతాయి. ఆ మట్టిని నవాసారంతో కలిపి నీళ్ళలో మరిగించి, వేడి చేసిన గిన్నెకి రుద్దారు. నేను కళ్ళు తిప్పకుండా చూశాను. బూడిద రంగు ముందు ముదిరింది, తర్వాత మబ్బు పట్టింది, ఆ తర్వాత ఒక్కసారిగా కాటుక నలుపైంది. వెండికి ఆ మట్టి ఏమీ చేయలేదు. అప్పటిదాకా కనపడని తీగంతా తెల్లగా పైకి తేలింది. కడిగి, తుడిచి, చేత్తో నూనె రాశారు. రాగి ఒక్క పాలే కదా అనుకుంటాం గానీ, అది లేకపోతే జింకుకి ఆ నలుపు రాదు.

వాళ్ళ కష్టాల గురించి అడగకుండానే చెప్పారు. వెండి ధర పెరిగిన కొద్దీ వస్తువు ధర పెంచక తప్పదు, పెంచితే కొనేవాళ్ళు వెనక్కి తగ్గుతారు. అందుకని పెద్ద వస్తువులు తగ్గిపోయి పెన్‌డ్రైవులు, కీచైన్లు, చెవిరింగులు ఎక్కువయ్యాయి. దాన్ని నేను తప్పుపట్టను. పూర్వం హుక్కా తాగేవాళ్ళకి హుక్కా చేశారు, ఇప్పటివాళ్ళకి కావలసింది ఇప్పుడు చేస్తున్నారు. నా భయమల్లా చెక్కుడు పని గురించి. కీచైన్ మీద నాలుగు గీతలతో సరిపెట్టుకుంటూ పోతే గసగసాల మొక్కని గీసే చెయ్యి రేపు ఎక్కడి నుంచి వస్తుంది? బిద్రీకి 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది. రెండూ సంతోషించాల్సినవే. గదిలో కూర్చున్న కుర్రాడికి మాత్రం నెలకి ఇన్ని వస్తువులు కావాలని ఎవరో ఒకరు ఆర్డరు ఇవ్వాలి.

సాలార్‌జంగ్ మ్యూజియంవాళ్ళకి నాదో విన్నపం. బిద్రీ గది పక్కన ఒక చాప, నాలుగు ఉలులు, ఒక మట్టి డబ్బా పెట్టండి. బీదర్ నుంచి గానీ, హైదరాబాద్‌లోనే ఈ పని చేస్తున్నవాళ్ళలోంచి గానీ ఒక పనివాణ్ణి తగిన జీతమిచ్చి కూర్చోబెట్టండి. గడియారం ముందు నుంచి వచ్చే బడిపిల్లలు ఆ గిన్నె నల్లబడటం ఒక్కసారి చూస్తే అల్మరాల్లో ఉన్నవి ఏమిటో వాళ్ళకి ఎవరూ వివరించక్కర్లేదు.

చదివేవాళ్ళకి రెండు మాటలు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, మిగతా రోజుల్లో పొద్దున్నే వెళ్ళి ముందు బిద్రీ గది చూసి తర్వాత గడియారం దగ్గరికి రండి. బీదర్ వెళ్ళి ఏదైనా కొంటే, అది ఎంత చిన్నదైనా సరే, చేసినవాళ్ళ పేరు అడిగి బిల్లు మీద రాయించుకుని ఆ బిల్లుని వస్తువుతో పాటు దాచండి.